రెండో కర్పూరం బిళ్ల

నెట్ సెంటర్ షట్టర్ ఎత్తగానే లోకేష్ చేసే పనులకు ఒక వరస ఉండేది. ముందు కౌంటర్ మీది కంప్యూటర్‌కు ఊదుబత్తి తిప్పుతాడు. మానిటర్ నెత్తిన విభూతి పెడతాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నిన్న ఎవరెవరు ఏమేం చూశారో ఆ చిట్టా అంతా తెరిచి, టీ చప్పరిస్తూ చదువుకుంటాడు. ఊరంతా పేపరు చదివే వేళకు అతను ఊరినే చదివేవాడన్నమాట. ఏ మాస్టారి కొడుకు ఏ బొమ్మలు చూశాడో, ఏ నర్సమ్మ ఎవరికి మెయిల్ పెట్టిందో అన్నీ అతనికి కావాలి. చిత్తూరులో ఆ వీధి చుట్టుపక్కల సగంమందికి మెయిల్ ఐడీలు చేసిపెట్టింది అతనే. వాళ్ల పాస్‌వర్డులు వాళ్లు మరిచిపోయినా అతను మరిచిపోడు. అదేదో పెద్ద సాయమనుకొని జనం దండం పెట్టి పోయేవాళ్లు.

ఆ మంగళవారం చిట్టా తెరిస్తే అందులో ఏమీ లేదు. తెల్లగా ఉంది.

పంకజాక్షి అప్పుడు మూడో క్యాబిన్‌లో మౌసు బోర్లించి, లోపలి గోళీ తీసి, చక్రాలకు పట్టిన మురికిని పిన్నీసుతో గీకుతోంది. కౌంటర్ దగ్గర టీ చప్పరించే చప్పుడు ఆగిపోయింది. ఆమె చెయ్యి కూడా ఆగింది. మొగుడి అలికిడి ఆగిపోతే గుండె గతుక్కుమనడం ఆమెకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది.

"నిన్న మధ్యాహ్నం ఈడ ఎవురు కూచున్నారు?" అన్నాడు లోకేష్, తల తిప్పకుండానే.

తనే కూర్చున్నానంది పంకజాక్షి. అతను అన్నం తిని పైన పడుకున్న వేళ కౌంటర్ చూసుకునేది రోజూ ఆమే కదా.

"మరి హిస్టరీ ఎవురు తుడిచినారు?"

కరెంటు పోయి వచ్చిందనీ, మిషను దానంతటదే ఆగిపోయి మళ్లీ తెరుచుకుందనీ చెప్పింది. చెబుతూ గోళీని మౌసులో వెయ్యబోతే అది వేళ్లలోంచి జారి బల్ల కిందికి దొర్లిపోయింది. లోకేష్ లేచి వచ్చి, వంగి, ఆ గోళీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. నవ్వాడు కూడా. కరెంటు పోతే ఇవేవీ పోవని నీకు తెలియదా అన్నట్టుంది ఆ నవ్వు. పొద్దున పూట అతను చెయ్యి చేసుకోడు. పొద్దున గిరాకీ వేళ.

జరిగింది ఇంతే. సోమవారం ఒక డిగ్రీ కాలేజీ పిల్ల మూడో క్యాబిన్‌లోంచి హడావిడిగా లేచిపోయింది, పేజీ మూసెయ్యకుండా. తుడవడానికి వెళ్లిన పంకజాక్షి ఆ పేజీ చదివింది. తిరుపతిలో నిర్మలమ్మ అనే లాయరు పెట్టిన పేజీ అది. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లు గడప దాటి తన ఆఫీసు దాకా రాలేరని తనకు తెలుసుననీ, మధ్యాహ్నాలు కోర్టు లేని వేళల్లో చాటింగులో ఉంటాననీ, పేరు చెప్పక్కర్లేదనీ రాసి ఉంది. పంకజాక్షి కౌంటర్‌కు వచ్చి, ఆ పేజీయే తెరిచి, మూడే మాటలు కొట్టింది. మీరు నిజంగా ఉన్నారా అని. ఉన్నానమ్మా, ఇప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా అని జవాబు వచ్చింది.

ఆ జవాబు చూసి సంతోషం వెయ్యలేదు, భయం వేసింది. ఎందుకంటే ఆడపిల్ల పేరు పెట్టుకొని కుర్రాళ్లతో చాటింగు చెయ్యడం లోకేష్‌కు సరదా. ఎంతమందిని ఏడిపించాడో పెళ్లాన్ని పిలిచి మరీ చూపించేవాడు. తెర అవతల ఉన్నది మేడ మీద పడుకున్న తన మొగుడే అయితే? పైన కంప్యూటరు లేదని తెలుసు. అయినా భయానికి లెక్కలు తెలియవు కదా. చప్పున అన్నీ మూసేసింది. పేజీ అడుగున ఒక సలహా ఉంది. చదివాక హిస్టరీ అంతా తుడిచెయ్యండి అని. ఆ సలహా ప్రకారం అంతా తుడిచేసింది. లాయరమ్మ మంచికే రాసింది. కానీ రోజూ ఆ చిట్టాతోనే టీ తాగే మొగుడు ఒకడుంటాడని తిరుపతిలో కూర్చున్న ఆమెకు ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం భోజనాల దగ్గర లోకేష్ ఆ మాట ఎత్తనే లేదు. రసం పోసుకుంటూ, తీరిగ్గా, ఆదివారం కాణిపాకం పోదామన్నాడు.

అత్త శకుంతలమ్మ గరిటె దించింది. "ఏముండాదిరా ఆడ?"

"నీ కోడలు ప్రమాణం చేస్తాది. మన ఇంటి సంగతి బయట ఎవురికీ చెప్పలేదని. ఐరాల నుంచి వాళ్ల నాయన్ని గూడా రమ్మని ఫోన్ చేసినా. పెద్దమనిషి ఎదురుగా ఉంటే బాగుంటాది."

చిత్తూరు సీమలో కాణిపాకం మాట ఎత్తితే ఇక దాని మీద మాట ఉండదు. పొలం గట్టు తగాదాలైనా, అన్నదమ్ముల పంపకాలైనా, పోలీసులు తేల్చలేనివి వినాయకుడి ముందు తేలతాయి. నీళ్లు పోసుకొని, తడిబట్టలతో నిలబడి, వెలిగే కర్పూరం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిన వాడు బాగుపడడని పసిపిల్లలకు కూడా తెలుసు. శకుంతలమ్మకైతే మరీ బాగా తెలుసు. ఆమె తోడబుట్టిన ఆదిమూలం గట్టు తగాదాలో అక్కడ చెయ్యి పెట్టి వచ్చాడు. ఆ ఏడు తిరక్కుండానే రెండు కళ్లూ పోయాయి. డాక్టర్లు చక్కెర జబ్బన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పటికీ అన్న పేరెత్తితే చెంపలు వేసుకుంటుంది.

పంకజాక్షి కంచంలో మెతుకులు కెలుకుతూ ఆలోచించింది. రాయలేదని ప్రమాణం చేస్తే దేవుడితో అబద్ధం. రాశానంటే ఇంటికొచ్చాక తన గతేమిటో ఆమెకు తెలుసు. ఇక కౌంటర్ దగ్గర కూర్చోనివ్వడు. బయటికి ఉన్న ఆ ఒక్క కిటికీ మూసుకుపోతుంది. ఆ తర్వాత ఆ మేడ మీద ఏం జరిగినా ఎవరికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం మళ్లీ ఆ పేజీ తెరిచింది. తెరవకుండా ఉండలేకపోయింది. జరిగిందంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా గబగబా కొట్టేసింది. అవతలి నుంచి జవాబు వచ్చింది: అంతా తుడవమని రాయడం నాదే తప్పమ్మా, నిన్ను ప్రమాదంలో పెట్టాను. ఇంతవరకూ ఆమెకు ఏ పెద్దమనిషీ నాది తప్పని చెప్పలేదు. మొగుడు సరే, కన్న తండ్రి కూడా సర్దుకోమన్నవాడే. పంకజాక్షి ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది.

అప్పుడు నిర్మలమ్మ ఒక ఏర్పాటు చెప్పింది. ఎవరైనా వస్తే ఇంటర్ రిజల్ట్స్ ఎప్పుడొస్తాయని అడుగు, వచ్చే వారం అని నేను జవాబిస్తాను, అంతకు మించి ఒక్క అక్షరం రాయను అంది. ఆ మాట ముగిసిందో లేదో కరెంటు పోయింది. కింద యూపీఎస్ కుయ్యిమంది. మేడ మెట్ల మీద లోకేష్ అడుగులు వినబడ్డాయి. పైన ఫ్యాను ఆగితే కింద టేబుల్ ఫ్యాను గాలికి వచ్చి పడుకోవడం అతనికి అలవాటే. ఆ సంగతి భయంలో ఆమె మరిచిపోయింది.

పేజీ మూసే టైము లేదు. చేతికొచ్చినట్టు కొట్టింది. ఇంటర్ రిజల్ట్స్ ఎప్పుడొస్తాయి?

లోకేష్ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. అతని ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. తెర మీద ఒక్క వరస వచ్చింది. వచ్చే వారం.

"ఎవురే అది?"

"పిల్లోళ్లు అడగతా ఉండారు. ఎవురో మేడం, కాలేజీలో పని చేస్తాదంట. కనుక్కుంటా ఉండా."

అతను ఊఁ అన్నాడు. ఫ్యాను తనవైపు తిప్పుకొని, ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు బారజాపి, కాసేపటికి గురక పెట్టాడు. పంకజాక్షి అతని బొటనవేలు చూస్తూ కూర్చుంది. అది కదలడం లేదని నిశ్చయమయ్యాక మెల్లగా రెండు మాటలు కొట్టింది. ఆయన నిద్రపోయాడు. వెంటనే జవాబు వచ్చింది. ఆయన గురక ఒకపక్క, తెర మీద అక్షరాలు ఒకపక్క. అప్పుడు గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు, అవతల ఉన్నది తన మొగుడు కాదని. పమిట నోట్లో కుక్కుకొని ఏడ్చింది, చప్పుడు కాకుండా.

చివరికి ఆ ఒక్క పేజీ పేరును మాత్రం చిట్టాలోంచి తీసేసింది. మిగతావన్నీ అలాగే ఉంచింది.

గురువారం సాయంత్రం ఒక కుర్రాడు ప్రింటు తీసుకుంటూ థాంక్స్ అక్కా అని నవ్వాడు. అక్కా అన్నా సరే, నవ్వాడు కదా, లోకేష్‌కు అది చాలు. షట్టర్ దించాక మేడ మీద లోకేష్ పాడైపోయిన మౌసు వైరు చేతికి చుట్టుకున్నాడు. మొహం మీద అతను ఎప్పుడూ కొట్టడు. వీపు మీద, మోచేతుల పైన, జాకెట్టు కింద దాగే చోట్లే కొడతాడు. ఆ విషయంలో అతనికున్న శ్రద్ధ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మొదటి దెబ్బ పడగానే, ముందు గదిలో టీవీ సౌండు పెరిగింది. ఎప్పుడూ పెరిగేదే. శకుంతలమ్మకు ఆ సీరియల్లో ఏడుపులు గట్టిగా వినబడాలి. ఇంట్లో ఏడుపు ఆమె చెవిన ఎన్నడూ పడలేదు. పక్కింటివాళ్లు అడిగినప్పుడల్లా ఆమె చెప్పేది అదే, మాకేమీ వినపడలేదమ్మా అని.

మర్నాడు ఎండలు మండిపోతున్నా పంకజాక్షి మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుంది. కుర్చీ వెనక్కి వీపు ఆనకుండా నిటారుగా కూర్చొని లాయరమ్మతో మాట్లాడింది. దెబ్బలు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోగలవా అని ఆమె అడిగింది. తాళం చెవి, చెప్పులు, పోయే దారి మూడూ అత్త కనుసన్నల్లో ఉంటాయని పంకజాక్షి చెప్పింది. పుట్టింట్లో ఎవరున్నారంటే, నాయన గంగాధరం ఉన్నాడంది, చెరుకు పండిస్తాడు, ఆయనకు అల్లుడి మీద గౌరవం అంది. నీ మీద లేదా అని లాయరమ్మ అడగలేదు. ఆ దయ ఆమెకుంది.

నిర్మలమ్మ పెద్ద పెద్ద మాటలు చెప్పలేదు. పోయినేడాది కొత్త చట్టం వచ్చిందనీ, దెబ్బలు తిన్న ఆడమనిషికి రక్షణ కావాలని జడ్జీనే అడగొచ్చనీ, ఆ పనికి జిల్లాలో ఒక ఆఫీసరు ఉన్నాడనీ, కాగితాలన్నీ తను చూసుకుంటాననీ రాసింది. ఇక పంకజాక్షిని నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆదివారం ఏం చెయ్యాలి?

శనివారం దానికి జవాబు వచ్చింది. "ప్రమాణాలు కోర్టులో చెల్లవమ్మా. వాటి మీద నేను కేసు నడపలేను. అబద్ధం చెప్పమని మాత్రం నీకు చెప్పను, అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. ఆదివారం పొద్దున నేను కాణిపాకంలో ఉంటాను. నల్లకోటుతో రాను, అందరిలాగే వస్తాను. నువ్వు నాతో రావాలనుకుంటే వెనక్కి ఇంటికి పోవాల్సిన పని లేదు. రాలేకపోతే దర్శనం చేసుకొని వెళ్లిపోతాను. సోమవారం మధ్యాహ్నం మళ్లీ ఇక్కడే ఉంటాను."

మిమ్మల్ని గుర్తుపట్టేది ఎలాగ మేడం అని పంకజాక్షి కొట్టబోయింది. మెట్ల మీద అత్త గాజులు వినబడ్డాయి. మూసేస్తూ మూసేస్తూ చూసింది, పేజీ అడుగున ఉన్న వాక్యం మారింది. హిస్టరీ అంతా తుడవకండి, ఈ ఒక్క పేజీని మాత్రం తీసెయ్యండి అని ఉంది. తను చెప్పిన మాటకు ఎక్కడో ఒకచోట ఒక అక్షరం మారింది. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా చోటు కూడా ఆమె మాటకు మారలేదు.

ఆదివారం లోకేష్ ఉత్సాహంగా ఉన్నాడు. ఆటో వాడితో జోకులేశాడు. దారి పొడుగునా చెరుకు తోటలు, బెల్లం వండే వాసన. పంకజాక్షికి ఆ వాసన పుట్టిల్లు. ఆ రోజు మాత్రం పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న శకుంతలమ్మ మోకాళ్ల మీద కొబ్బరికాయ సంచీ పెట్టుకొని పెదాలు కదుపుతోంది, జపమో భయమో తెలియదు. లోకేష్ వంగి పెళ్లాం చెవిలో నెమ్మదిగా చెప్పాడు, ఇప్పుడైనా చెప్పేస్తే ఆటో తిప్పుదామని. ఆమె కళ్లు దించుకుంది. అతనికి కావలసింది ప్రమాణం కాదు. ఆ భయమే అతనికి కావాలి. దారిలోనే ఆమె కుప్పకూలుతుందని అతని లెక్క.

గంగాధరం అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ పంచ కట్టుకొని, అల్లుడికి రెండు చేతులా నమస్కారం పెట్టాడు. కూతురి వైపు చూసి, "ఏం అమ్మణ్ణీ, ఇంత దూరం తెచ్చుకుంటివే" అన్నాడు, తప్పు ఎవరిదో ముందే తేలిపోయినట్టు. ఆమె జనంలో ఆడవాళ్ల మొహాలు వెతుకుతోంది. పసుపు పచ్చ చీరలు, ఎర్రచీరలు, గుండు చేయించుకున్నవాళ్లు, చంకలో బిడ్డలున్నవాళ్లు. లాయరెవరో ఎలా తెలుస్తుంది? అసలు వచ్చిందా? తిరుపతి నుంచి ఒక ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఎవరొస్తారు? రాలేదనే అనుకుంది.

నీళ్లు పోసుకున్నారు. తడి చీర వీపుకు అతుక్కుంటే గురువారం దెబ్బలు భగ్గున మండాయి. ప్రమాణాలు చేసే చోట నలుగురు పోగయ్యారు. వేరొకరి ప్రమాణం చూడ్డానికి మనవాళ్లకు ఎప్పుడూ తీరికే. గంగాధరం కర్పూరం పొట్లం విప్పి, ఒక బిళ్ల పళ్లెంలో పెట్టి వెలిగించాడు. పళ్లెం మీద కూతురు చెయ్యి పెట్టింది.

లోకేష్ ఒక్కొక్క మాట అందించాడు. "నేను మా ఇంటి సంగతి బయట ఎవురికీ చెప్పలేదు, రాయలేదు అను."

మంట చిన్నదే. వేడి అరచేతికి తగులుతోంది. పంకజాక్షికి అక్కడినుంచి పారిపోవాలనిపించింది. అబద్ధం గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మంట ఎదుట అది బయటికి రాలేదు.

"రాసినాను" అంది.

లోకేష్ మొహంలో నవ్వు వచ్చింది, గెలిచినవాడి నవ్వు. మామ వైపు తిరిగి చూశారా అన్నట్టు చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి మాత్రం కర్పూరం మీదే ఉంది.

"మా ఆయన నన్ను వైరుతో కొడతాడని రాసినాను. బట్టలు కప్పే చోట చూసి కొడతాడని రాసినాను. రాసింది నిజం. అబద్ధమైతే దేవుడు నన్ను సూసుకుంటాడు." ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు మీరు గూడా చెయ్యండి. కొట్టలేదని."

కర్పూరం ఆరిపోయింది. అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకరు చేసి అడిగితే ఎదుటివారూ చెయ్యాలి. ప్రమాణానికి తెచ్చిన లోకేష్‌కు ఊరందరి గుట్లూ గుర్తున్నాయి గానీ, ఈ ఒక్క సంగతి గుర్తు లేదు. మొగుడూపెళ్లాల గొడవ ఇట్లా నలుగురిలో ఏంటని అతను గొణిగాడు. ఇక్కడికి తెచ్చింది తనే కాబట్టి ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

గంగాధరం కూతురినే చూస్తున్నాడు. తడిసిన తెల్ల జాకెట్టు ఒంటికి అతుక్కొని, మోచేతుల పైన ఎర్రటి వాతలు ఒక్కొక్కటీ పైకి కనబడుతున్నాయి. ఆయన దగ్గరికి పోలేదు. పొట్లంలోకి చెయ్యి పోనిచ్చి రెండో బిళ్ల తీశాడు. ముసలి వేళ్లకు అగ్గిపుల్ల రెండుసార్లు విరిగింది. మూడో పుల్లకు వెలిగింది. పళ్లెం తెచ్చి అల్లుడి ఎదురుగా పట్టుకున్నాడు.

"చెయ్యప్పా" అన్నాడు.

లోకేష్ చుట్టూ చూశాడు. ఆడదానికి అంతుంటే నాకెంతుండాల అన్నట్టు మొండిగా చెయ్యి చాపాడు. అతనికి దేవుడంటే పెద్ద పట్టింపు లేదు. అబద్ధం అతని నోటికి అలవాటే. చెయ్యి మంట దాకా వచ్చింది.

ఆ చెయ్యిని శకుంతలమ్మ పట్టేసుకుంది. కొబ్బరికాయ సంచీ కింద పడింది. రెండు చేతులతో కొడుకు మణికట్టు పట్టుకొని, గుండెకేసి అదుముకొని, వెనక్కి లాగింది.

"వద్దురా నాయనా. చెయ్యొద్దు. నీ కండ్లు పోతాయిరా."

అంత జనంలో ఆ మాట అందరికీ వినబడింది. టీవీ సౌండు పెంచడానికి అక్కడ టీవీ లేదు. ఏళ్లుగా ఏమీ వినపడని ముసలమ్మ, తనకు అంతా వినపడిందని ఆ ఒక్క మాటతో ఊరందరికీ చెప్పేసింది. చెప్పేశానని ఆమెకు ఇంకా తెలియలేదు. కొడుకు చేతిని ముద్దులు పెట్టుకుంటూ ఏడుస్తోంది. లోకేష్ మొహం నల్లబడింది. తల్లిని విదిలించుకోవాలని చూశాడు గానీ ఆ పట్టు వదల్లేదు.

పంకజాక్షికి గెలిచానని అనిపించలేదు. ఇప్పుడు ఎక్కడికి పోవాలన్న భయమే మిగిలింది. అప్పుడు జనంలోంచి ఒక బక్కపల్చని ఆడమనిషి ముందుకొచ్చింది. మామూలు నేత చీర, నుదుట విభూతి, చేతిలో ప్రసాదం పొట్లం, చెదిరిన నెరిసిన జుట్టు. ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. ఆమె పంకజాక్షి పక్కన నిలబడి, ఎవరికీ కాకుండా అన్నట్టు, మెల్లగా ఒక మాట అంది.

"వచ్చే వారం."

లోకేష్ విన్నాడు. ఆ మాట తన కంప్యూటర్ తెర మీద, తన కళ్లతో తను చదివినదే. ఎక్కడ చదివాడో అతనికి గుర్తు రాలేదు. అతను ఆమె మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు, మళ్లీ ఆమె మొహం చూశాడు.

పంకజాక్షి కర్పూరం మీద పెట్టిన చేతినే లాయరమ్మకు అందించింది. ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు. గంగాధరం పళ్లెం కింద పెట్టి, కూతురు విడిచిన చెప్పులు వెతికి చేత్తో పట్టుకొని, వాళ్ల వెనకే బయల్దేరాడు.